నాయకుడి వెబ్‌సైటులో తొమ్మిదో పేరు

మీరంతా ఇప్పుడు ఒక ఉద్యోగానికి పోయేముందు పోర్ట్‌ఫోలియో తయారుచేసుకుంటున్నారు. చేసిన పనులన్నీ బొమ్మలతో సహా వరసగా పేర్చి, ఇదిగో ఇవన్నీ నేను చేశాను అని చూపించడం. నేను పని మొదలుపెట్టిన రోజుల్లో దానికి అంత పెద్ద పేరు ఉందని నాకు తెలియదు. ప్రొద్దుటూరులో ఒక బట్టల దుకాణం మేడమీద, మూడు కంప్యూటర్లతో వెబ్‌సైట్లు తయారుచేసే ఆఫీసు నడిపేవాడిని. నేను చేసిన ప్రతి సైటు మొదటి పేజీనీ రంగుల్లో ప్రింటు తీసి గోడకున్న అట్ట మీద అంటించేవాడిని. వచ్చినవాళ్లు ముందు అట్టను చూసేవాళ్లు, ఆ తర్వాతే నా ముఖం.

ఆ అట్ట మీద ఏమేం ఉండేవో చెబితే మీరు నవ్వుతారు, నవ్వండి. ఒకటి బంగారు అంగడి సైటు. అందులో ప్రతి గొలుసూ, ప్రతి గాజూ మిణుకుమిణుకుమంటూ ఉండాలని యజమాని పట్టుబట్టాడు. తెరిచిన రెండు నిమిషాలకే చూసేవాడి కళ్లనుంచి నీళ్లు కారేవి. మెరవకపోతే అది బంగారమని ఎట్లా తెలుస్తుందని ఆయన వాదన. ఇంకొకటి ఇంజనీరింగ్ కాలేజీది. కాలేజీకి అప్పటికి పునాదులు తప్ప ఏమీ లేవు. కాబట్టి కరస్పాండెంటు ఏదో క్యాలెండరులోని విదేశీ కాలేజీ బొమ్మ తెచ్చిచ్చాడు. బొమ్మలో చెట్ల మీద మంచు ఉంది. ప్రొద్దుటూరులో మంచు ఎక్కడిదని నేను అడిగితే, పిల్లల తల్లిదండ్రులు అంత నిదానంగా చూడరని చెప్పాడు. ఆయన మాటే నిజమైంది, ఆ ఏడాది సీట్లన్నీ నిండాయి. గండికోటలో లాడ్జి పెట్టినాయన సైటు కూడా ఉండేది. అందులో లోయ ఎంత బాగుందో ఉంటుంది గానీ గదుల బొమ్మ ఒక్కటీ ఉండదు. గదులు చూసినవాడిని కనుక నేనే వద్దన్నాను.

ఇన్ని అబద్ధాలు ఇంత శ్రద్ధగా కట్టిన మనిషి దగ్గరికే ఒకరోజు జమ్మలమడుగు వైపు నుంచి ఒక నాయకుడి మనుషులు వచ్చారు.

మా వైపు ఫ్యాక్షన్ బాంబుల మోత తగ్గి, మైకుల మోత పెరుగుతున్న రోజులవి. ముఠా నాయకులు ఖద్దరు ఇస్త్రీ చేయించుకుని పార్టీ నాయకులవుతున్నారు. ఈయన కూడా ఆ దారిలోనే ఉన్నాడు. ఆయన్ను అందరూ ‘అన్న’ అనే పిలిచేవాళ్లు, నేనూ అట్లాగే రాస్తాను. పేర్లు ఎవరివీ చెప్పను. అన్న తరఫున పని చూసేది ఆయన బావమరిది. పెద్ద మీసం, చిన్న ఓపిక. నన్ను మొదటిరోజు నుంచే ‘మామా’ అన్నాడు, ఆ వరస ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

వాళ్లకు కావలసినవి ఇవి. సైటు తెరవగానే అన్న నవ్వుతూ చేతులు జోడించాలి. వెనక పాట రావాలి. తెర కింది భాగంలో ఈ చివర నుంచి ఆ చివరకు టాటా సుమో బండ్ల వరస పోవాలి. సైటును ఎంతమంది చూశారో లెక్క చూపించే అంకె ఒకటి ఉంటుంది కదా, అది ఒకటితో మొదలవడం బావమరిదికి అవమానంగా తోచింది. పోయిన ఎన్నికల్లో అన్నకు వచ్చిన మెజారిటీ నుంచి మొదలుపెట్టమన్నాడు. పెట్టాను. ఆ రకంగా మా జిల్లా రిగ్గింగును ఇంటర్నెట్‌లోకి తీసుకుపోయిన మొదటివాడిని నేనే అయ్యుంటాను.

జీవితచరిత్ర రాసే పని కూడా నామీదే పడింది. పుట్టిన ఊరు, చదువు, వాలీబాలు ఆట, అన్నీ సాఫీగా సాగి ఒకచోట నాలుగేళ్లు ఖాళీ వచ్చింది. ఆ నాలుగేళ్లూ అన్న కడప జైల్లో ఉన్న సంగతి జిల్లా అంతటికీ తెలుసు. ఆ ఖాళీలో ఏం రాయమంటావని బావమరిదిని అడిగితే, తీరిగ్గా పుస్తకాలు చదువుకున్నాడని రాయమన్నాడు. ‘ఆ నాలుగు సంవత్సరాలూ బాహ్య ప్రపంచానికి దూరంగా అధ్యయనంలో గడిపారు’ అని రాశాను. నాకు ఆ వాక్యం చూస్తే చాలా గర్వంగా ఉండేది.

ఇప్పుడు మా ఆఫీసులో పనిచేసిన అమ్మాయి గురించి చెప్పాలి. జమ్మలమడుగు దగ్గరి ఒక పల్లె వాళ్లది. దొరల మిషన్ కాలంలోనే క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబం, తల్లి కూలి పనికి పోయేది. అమ్మాయి ప్రొద్దుటూరులో గది తీసుకుని ఉండేది. తెలుగు టైపింగు కోసం చేర్చుకున్నాను. వెబ్ పేజీ రాయడం నేర్పితే మూడు నెలల్లో నా తప్పులు దిద్దడం మొదలుపెట్టింది. నలుగురిలో మెచ్చుకునేవాడిని, లోపల కొంచెం మండేది. మాట తక్కువ. నవ్వితే అది నా సైట్లలోని తెలుగును చూసే అయ్యుండేది.

అన్న సైటులో ‘అమరులు’ అని ఒక పేజీ పెట్టాలన్నారు. ప్రత్యర్థి ముఠా దాడుల్లో చనిపోయిన తమ మనుషుల పేర్లు వరసగా ఉండాలి. బావమరిది కాగితం మీద రాసి పంపాడు. ఎనిమిది పేర్లు, ఒక్కొక్కరికీ ఇంటిపేరు, తండ్రి పేరు, అన్నకు ఏమవుతారో ఆ వరస కూడా ఉంది. ఎనిమిదో పేరు అన్న చిన్నాన్న కొడుకుది. వేరుశనక్కాయల మూటలతో పోతున్న ట్రాక్టరు మీద బాంబులు వేస్తే చనిపోయాడు. ఆ పేరు పక్కన ‘మరియు మరొకరు’ అని ఉంది.

అమ్మాయి అక్కడిదాకా టైపు చేసి ఆగింది. ఈ మరొకరు ఎవరో వాళ్లనడిగి చెబుతారా అంది. పనిమీద శ్రద్ధ అనుకుని బావమరిదికి ఫోను చేశాను.

“ఎవరో కూలోడు మామా. మూటలెత్తేదానికి వచ్చి ట్రాక్టరు మింద కూచోనుండె. వాని పేరెందుకు మనకు? వాడు మనోడు కాదు గదా” అన్నాడు.

ఆ మాటలన్నీ మింగేసి, వాళ్లకూ తెలియదటమ్మా అని చెప్పాను.

“నాకు తెలుసు సార్” అంది. “మా నాయన.”

నేను మౌస్‌ను అటూ ఇటూ జరిపాను. ఆమే చెప్పింది, చాలా మామూలు గొంతుతో. అప్పుడు తను ఏడో తరగతి. మరుసటి రోజు పేపర్లో ‘నాయకుడి తమ్ముడు, మరొకరు మృతి’ అని వేశారట. ఏళ్ల తర్వాత కోర్టులో కేసు కొట్టేసినప్పుడు వచ్చిన వార్తలో కూడా మరొకరే. వాళ్లమ్మ ఆ రెండు పేపరు ముక్కలూ బైబిల్లో పెట్టుకుందట.

“పెద్దగా ఏమీ రాయొద్దు సార్. ఒక్క లైను. పేరు మాత్రమే.”

ఆ రోజు నేను చెప్పిన జవాబు మీకోసం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. సైటు వాళ్లది కాబట్టి ఇష్టం కూడా వాళ్లదే అన్నాను. మన వృత్తికి కొన్ని పద్ధతులు ఉంటాయి అని కూడా అన్నాను. మంచు కురిసిన ఆ కాలేజీ బొమ్మ అట్ట మీదనుంచి నన్నే చూస్తోంది. అమ్మాయి సరేనని తల ఊపి, ‘మరొకరు’ టైపు చేసింది. నేను వెనక నిలబడి చూశాను. అంతటితో అయిపోయిందనుకున్నాను.

సైటు ప్రారంభం జమ్మలమడుగులో ఒక కల్యాణ మండపంలో పెట్టారు. తెల్లటి తెర కట్టారు, కుర్చీలు నిండాయి, కడప నుంచి పార్టీ పెద్దాయన వచ్చాడు. మండపంలో ఇంటర్నెట్ లేదు. కాబట్టి సైటు మొత్తాన్నీ సీడీలోకి ఎక్కించి తెచ్చి, అక్కడి కంప్యూటరులో వేసి చూపించాను. మైకులో మాత్రం ‘ఈ క్షణాన ప్రపంచమంతా మన అన్నను చూస్తోంది’ అని చెబుతున్నారు. చూస్తున్నది మేమే. సీడీ తయారుచేసింది మా ఆఫీసు అమ్మాయే. జనం ముందు పెట్టబోయే దాన్ని ఒక్కసారైనా పూర్తిగా చూసుకోవాలన్నది మన పనిలో మొదటి పాఠం. ఆ ఉదయం నేను చొక్కా ఇస్త్రీ చూసుకున్నాను గానీ సీడీ చూసుకోలేదు.

అన్న మౌస్ నొక్కాడు. పాట వచ్చింది, చేతులు జోడించాడు, సుమోలు పోయాయి, ఈలలు వేశారు. బావమరిది ‘అమరులు’ పేజీ తెరవమన్నాడు. పార్టీ పెద్దాయన లేచి, మైకు పట్టుకుని, గొంతు బరువు చేసుకుని ఒక్కొక్క పేరూ చదవసాగాడు. ప్రతి పేరుకూ జనంలోంచి ‘అమర్ రహే’ అని లేస్తోంది. ఎనిమిది చదివాడు. తర్వాత తొమ్మిదోది కూడా చదివాడు. ఇంటిపేరుతో, తండ్రి పేరుతో, మిగతావాటి మాదిరే ఉంది. అమర్ రహే అనడానికి ఎవరూ నోరు తెరవలేదు. పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని అన్న వైపు తిరిగాడు.

“ఈయనెవరప్పా? మీకేమవుతాడు?”

బావమరిది నా పక్కకు వచ్చి మోచేయి పైన పట్టుకున్నాడు.

“ఏంది మామా ఇది?”

“టైపింగు పొరపాటు. మా ఆఫీసు అమ్మాయి చేసింది” అన్నాను.

ఆ పేరు అక్కడికి ఎట్లా వచ్చిందో నాకు అర్థం కావడానికీ, ఆమె మీదకు తోసేయడానికీ మధ్య ఊపిరి తీసుకునేంత వ్యవధి కూడా లేదు. ఆమె వెనక వరసలో నిలబడి ఉంది. నా మాట వినబడేంత దూరం కాదు, కానీ నేను వేలు చూపించడం చూసింది.

అన్న లేచాడు. ఊరికే నాయకుడు కాలేదాయన. కొంచెంసేపు తెర వైపే చూసి, మైకు తీసుకున్నాడు.

“మా ట్రాక్టరు ఎక్కినోడు ఎవరైనా మావాడే” అన్నాడు.

చప్పట్లకు, ఈలలకు మండపం పైకప్పు లేచిపోయింది. నేను రాసిన జీవితచరిత్ర మొత్తంలో అంత మంచి వాక్యం లేదు. పార్టీ పెద్దాయన అన్నను కౌగిలించుకున్నాడు. చనిపోయిన కూలీ ఊళ్లో క్రైస్తవుల పేటలో ఎన్ని ఓట్లుంటాయో ఎవరో ఆయన చెవిలో చెప్పడం నేను చూశాను. వాళ్లింట్లో ఎవరున్నారో పిలుచుకు రమ్మని అన్న ఒక సుమోను పంపించాడు. ఆయన కూతురు అక్కడే వెనక వరసలో ఉందని నేను చెప్పలేదు. బావమరిది నా మోచేయి వదిలి భుజం తట్టాడు. బాగా ఆలోచించావు మామా అన్నాడు. నేను కాదనలేదు. తొమ్మిదో పేరు పెడితే సభ రక్తికడుతుందని ముందే అనుకున్నానని కూడా చెప్పాను. కాసేపటి క్రితం ఆమె చేసిన పొరపాటు ఇప్పుడు నేను చేసిన ఆలోచన అయిపోయింది.

గంటలో ఆమె తల్లిని తీసుకొచ్చారు. సన్నటి మనిషి, కాళ్లకు చెప్పులు లేవు, వణుకుతోంది. ఆ వణుకు ఎందుకో అమ్మాయి తర్వాతెప్పుడో చెప్పింది. అన్న వాళ్ల బండి ఆ ఇంటి ముందు ఆగడం అది రెండోసారట. మొదటిసారి ఆగినప్పుడు శవాన్ని దించి పోయారు. ఇప్పుడు మళ్లీ ఆగేసరికి, కూతురికి ఏమో అయిందనుకుని పొలంలోంచి ఉన్నపళంగా వచ్చి ఎక్కింది. దారిలో ఎవరూ ఆమెకు ఏమీ చెప్పలేదు.

వేదిక ఎక్కించి శాలువా కప్పారు, ఫొటోలు తీశారు. ఆమె అన్నను చూడలేదు, పెద్దాయననూ చూడలేదు.

“పేరు యాడుందయ్యా?” అని అడిగింది.

తెర చూపించారు. చర్చిలో బైబిలు చదవడానికి నేర్చుకున్న చదువు ఆమెకు ఉంది. దగ్గరికి పోయి నిలబడితే ఆమె నీడ అక్షరాల మీద పడింది. వెనక నుంచి పక్కకు జరగమని కేకలేశారు. ఆమె పక్కకు జరిగి, ఒక్కొక్క అక్షరం మీదా వేలు గాల్లో నడిపిస్తూ చదువుకుంది. తర్వాత భోజనాలు మొదలయ్యాయి. తీసుకొచ్చిన సుమో తిరిగి దింపడానికి దొరకలేదు. శాలువా మడిచి సంచిలో పెట్టుకుని, కూతురితో కలిసి బస్టాండుకు నడిచిపోయింది.

సైటులో తొమ్మిదో పేరును అట్లాగే ఉంచి, ఆ శాలువా ఫొటో మొదటి పేజీలో పెట్టాను. అదే పేజీ ప్రింటు తీసి అట్ట మీద అన్నిటికన్నా పైన అంటించాను. పులివెందుల నుంచి, మైదుకూరు నుంచి కూడా చిన్నా చితకా నాయకులు అది చూసి, మాకూ ఇట్లాంటిదే కావాలని వచ్చారు. ఒకాయన తన దగ్గర చనిపోయినవాళ్లు సరిపడినంతమంది లేరని బాధపడ్డాడు.

కొన్ని నెలలకు ఎన్నికలు దగ్గరపడ్డాయి. అన్న, ఆయన ప్రత్యర్థి ఒకే పార్టీలోకి వచ్చారు. బాంబులు వేయించింది నువ్వేనని ఇన్నేళ్లు కోర్టు మెట్లెక్కిన మనిషీ, కాదని ఎక్కిన మనిషీ ఒకే జీపు మీద నిలబడి చేతులు కలిపి పైకెత్తారు. మరుసటి రోజే బావమరిది మా ఆఫీసుకు వచ్చాడు. రంగులు మార్చాలి, చేతులు కలిపిన ఫొటో పెట్టాలి, ‘అమరులు’ పేజీ తీసేయాలి.

చనిపోయినవాళ్లు మీ మనుషులే కదా అని అడిగాను. అడిగానని మాత్రం చెప్పుకోవచ్చు.

“అవులే మామా. కానీ సంపినోళ్లు కూడా ఇప్పుడు మనోళ్లే గదా” అన్నాడు. చచ్చినవాళ్లకు ఓట్లుంటాయా అని కూడా అన్నాడు. మా వైపు ఓటర్ల జాబితాలు టైపు చేసినవాడిని కాబట్టి ఆ రెండో మాట నేను పూర్తిగా నమ్మలేదు. కానీ వాదించలేదు.

చాలా ఏళ్లు ఈ సంగతి చెప్పేటప్పుడు ఇక్కడికి రాగానే గొంతు తగ్గించేవాడిని. ఆ రోజుల్లో కాదంటే ఏమయ్యేదో మీకు తెలియదు అనేవాడిని. పులివెందుల పక్కన పుట్టినవాడిని కాబట్టి నమ్మేవాళ్లు. ఇప్పుడు పని మానేశాను, ఎవరినీ మెప్పించే అవసరం లేదు, నిజం చెబుతాను. నన్నెవరూ బెదిరించలేదు. బావమరిది నవ్వుతూనే ఉన్నాడు, కింది అంగడి నుంచి తనే టీ తెప్పించాడు. పోతూ పోతూ ప్రత్యర్థి నాయకుడికి కూడా ఒక సైటు చేయాలన్నాడు, సుమోలు ఒకటి ఎక్కువ ఉండాలట. నేను ఆ ఒక్క సుమో కోసం ఒప్పుకున్నాను. అంతకుమించి కథ లేదు.

పేజీ తీసేయమ్మా అని అమ్మాయితో అన్నాను.

“ఎక్కించింది నేను సార్. తీసేది మీరు తీయండి” అంది. కోపంగా అనలేదు. నేనే తీశాను. ఎంతసేపూ పట్టలేదు.

రెండు వారాల తర్వాత ఆమె తల్లి మా మెట్లెక్కి వచ్చింది. వెంట కొండాపురం నుంచి వచ్చిన చెల్లెలు ఉంది. కంప్యూటరులో బావ పేరు ఉందని అక్క చెబితే ఆ చెల్లెలు నమ్మలేదట, చూపించడానికి తీసుకొచ్చింది. అమ్మాయి అప్పుడు కాలేజీ వాళ్ల పని మీద బయటికి పోయి ఉంది. పేజీ తీసేసిన సంగతి తల్లికి ఇంకా చెప్పలేదని నాకు అర్థమైంది. ఈరోజు నెట్ రావడం లేదమ్మా అన్నాను. చెల్లెలు అక్క వైపు ఒక చూపు చూసింది. ఇద్దరూ దిగిపోయారు.

మరుసటి వారం తల్లి ఒక్కతే వచ్చింది. ఒక్కో మెట్టు మీదా ఆగుతూ ఎక్కడం లోపలికి వినబడుతూనే ఉంది. ఈసారి అమ్మాయి తన కుర్చీలోనే ఉంది. నేను మళ్లీ నెట్ రావడం లేదన్నాను. నా ముందున్న తెర మీద బంగారు గొలుసులు నెట్‌లోంచి ఒక్కొక్కటే దిగి మిణుకుమంటున్నాయి. అమ్మాయి టైపు చేయడం ఆపింది.

“నెట్ వస్తాంది మా” అంది. “పేరు తీసేసినారు. ఆ ఇద్దరూ కలిసిపోయినారు గదా, అందుకు తీసేసినారు.”

తల్లి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండిటికీ సిద్ధంగా ముఖం పెట్టుకున్నాను. ఆమె నా వైపు తిరిగింది.

“ఈ మాట చెప్పేదానికి నన్ను రెండుసార్లు మెట్లెక్కించల్లనా నాయనా? నాకు మోకాళ్లు నొప్పులు.”

కుర్చీ వేస్తే కూర్చోలేదు. కూతురు చేయి పట్టుకుని దించి వచ్చింది. వచ్చి ఆగిన పని ఆగినచోటి నుంచి మొదలుపెట్టింది.

ఆ నెలాఖరుకు కడపలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరుగా ఉద్యోగం వచ్చిందని చెప్పింది. ఎందుకు పోతున్నావని నేను అడగలేదు, ఆమె నాకు ఆ ఇబ్బంది పెట్టలేదు. మిగతా ఎవరి పేరూ రాయకపోయినా ఆమె తండ్రి పేరు ఇక్కడ రాయాలని నాకు చాలా ఉంది. కానీ ఒకసారి చెరిపినవాడిని, ఆమెను అడగకుండా మళ్లీ రాసే హక్కు నాకు లేదు. అడగడానికి ముఖం లేదు.

అనుభవ పత్రం కావాలంది. మంచిగా రాసిద్దామని కూర్చున్నాను. ఇన్నేళ్లు పనిచేసింది, నమ్మకస్తురాలు, నేర్పరి అని రాసి, కింద ఆమె చేతులమీదుగా తయారైన సైట్లన్నీ వరసగా పేర్చాను. అన్న సైటును అన్నిటికన్నా పైన పెట్టాను, అదే కదా పేరున్నది. సంతకం చేసి ఇచ్చాను. నిలబడే చదివింది. నా బల్ల మీది పెన్ను తీసుకుని మొదటి లైనును అడ్డంగా కొట్టేసింది.

“ఇది నేను చేసింది కాదు సార్” అంది. “నేను చేసింది మీరు తీసేసినారు.”

కొట్టివేతలతో పత్రం ఇవ్వకూడదు కాబట్టి మళ్లీ కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఆమె పక్కనే నిలబడి చూస్తోంది. ఆ లైను తీసేశాను. కింది లైన్లన్నీ ఒకటొకటి పైకి జరిగాయి. ఎక్కడా ఖాళీ కనబడలేదు.